పూటకూళ్ళమ్మకు పేరు లేదు

2019లో మా అమ్మాయికి ప్రమోషన్ వచ్చింది. అమ్మమ్మకి మంచి భోజనం పెట్టిస్తానని జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్‌కి తీసుకెళ్ళింది. అక్కడ బల్ల మీద పరిచిన బట్టకున్న ఇస్త్రీ మడత కూడా చెదరదు. గోడల మీద రోలు, ఇసుర్రాయి, కల్లుకుండల ఫోటోలు. వడ్డించే అబ్బాయి తెల్ల చేతితొడుగులు వేసుకుని నల్లరాతి పలక ఒకటి తెచ్చి మా ముందు పెట్టాడు. దాని మీద అరచేతిలో సగం ఉన్న సర్వపిండి ముక్కలు నాలుగు, పక్కన చుక్కలు చుక్కలుగా వెన్న. మెనూ కార్డులో దాని ఎదురుగా 465 రూపాయలని ఉంది. కింద సన్నని అక్షరాలతో 'మన అమ్మమ్మల వంటింటి నుంచి' అని రాశారు.

అమ్మకి అప్పటికి డెబ్బయి ఎనిమిదేళ్ళు. పలక వైపూ ఆ అబ్బాయి వైపూ మార్చి మార్చి చూసింది. "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగింది. ఆ అబ్బాయి నవ్వి, తాము సాయంత్రం నాలుగు దాటాక తింటామన్నాడు. ఏం పెడతారంది అమ్మ. అన్నం, చారు అన్నాడు.

తరవాత పుంటికూరలో ఎండు రొయ్యలు వచ్చాయి. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కారం ఎక్కువైందేమో అనుకున్నాం. "ఇది నా చెయ్యి కాదే. ఇది అవ్వ చెయ్యి" అంది.

ఈ వ్యాసం ఆ మాట దగ్గర మొదలైంది. నేను ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కాకతీయుల నుంచి ముల్కీ ఉద్యమం దాకా చెప్పాను. మమ్మల్ని పెంచిన మెస్సు గురించి మాత్రం ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. అది చరిత్ర అని నాకు తట్టనే లేదు.

*

డబ్బు తీసుకుని అన్నం పెట్టడం మన దగ్గర కొత్త సంగతేమీ కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో మనకి దక్కిన 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఇద్దరు మిత్రులకి ఒక పూటకూటి ఇల్లు తగులుతుంది. అక్కడ ఒక్క రూకకి ఏమేం పెడతారో ఆ పద్యంలో జాబితా ఉంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు రాజుల యుద్ధాలకన్నా ఇలాంటి పద్యాలకే ఎక్కువ విలువనిచ్చాడు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నవి కావ్యాల్లోంచి ఏరి తీశాడు. ఆ పుస్తకం చదివే నేను చరిత్ర విద్యార్థినినయ్యాను.

ఆ పద్యాన్ని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పూటకూటి ఇల్లు లక్ష్మణవజ్ఝలది అని పద్యమే చెబుతుంది. ఇంటి యజమాని పేరు ఐదారు వందల ఏళ్ళు నిలిచింది. గోధుమపిండి పిసికిందెవరు? పప్పు ఉడికించిందెవరు? పొద్దున్నే పొయ్యి అలికిందెవరు? ఈ ప్రశ్న పిల్లలు నన్నడగలేదు. నేనూ పద్యాన్ని అడగలేదు.

ఇంకో నాలుగైదు శతాబ్దాలు దాటి 'కన్యాశుల్కం' దగ్గరికి రండి. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ తిరగరాశాడు. అందులో విజయనగరంలో పూటకూళ్ళు పెట్టుకుని బతికే విధవరాలు ఉంది. గిరీశానికి పేరుంది, వెంకటేశానికి పేరుంది, మధురవాణికీ బుచ్చమ్మకీ మీనాక్షికీ పేర్లున్నాయి. గిరీశానికి అన్నం పెట్టి, చివరికి చీపురుకట్ట పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వచ్చే ఆవిడకి మాత్రం పేరు లేదు. ఆవిడ పూటకూళ్ళమ్మ, అంతే. గురజాడ ఆవిడని తక్కువ చేయాలని అలా రాశాడని నేననను. ఊళ్ళో ఆవిడని పిలిచే తీరే అది. చేసే పనే ఆవిడ పేరైపోయింది. మగాడు నడిపితే ఇంటికి అతని పేరు, ఆడది నడిపితే ఆమెకి ఇంటి పని పేరు.

విధవరాలికి పునర్వివాహం లేదు, ఆస్తి లేదు, చదువు లేదు. చేతనైంది వంట ఒక్కటే. ఇంట్లో ఊరికే చేయించుకున్న ఆ పనినే డబ్బుకి చేస్తే ఊరు అనుమానంగా చూసింది. నాటకంలో పూటకూళ్ళమ్మ మీద పడిన మచ్చ ఆమె ఒక్కతెది కాదు. పరాయి మగవాళ్ళకి అన్నం పెట్టి బతికే ఆడది మంచిదై ఉండదన్న నమ్మకం నాటకాన్ని దాటి మా నల్లకుంట దాకా వచ్చింది.

*

మా నాన్న 1971లో పోయాడు. అప్పటికి అమ్మకి ముప్ఫయ్యేళ్ళు, నాకు తొమ్మిది, తమ్ముడికి ఆరు. మాది జనగామ వైపు పల్లెటూరు. పొలం పంచాయితీ పాలివాళ్ళ చేతుల్లోకి పోయింది. అమ్మ మేనమామ నల్లకుంటలో తనింటి వెనక రెండు గదులిచ్చాడు. ఉస్మానియా యూనివర్సిటీ దగ్గరే. మా జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆరుగురు అబ్బాయిలు, హాస్టల్ సీటు దొరకనివాళ్ళు, "చిన్నమ్మా, మాకింత వండిపెట్టు" అని అడిగారు. నెలకి 75 రూపాయలు, రెండు పూటలా భోజనం. మెస్సు అలా మొదలైంది. 1991 దాకా నడిచింది. దానికి బోర్డు లేదు, పేరు లేదు. 'చిన్నమ్మ మెస్సు' అనేవాళ్ళు.

మేనమామ భార్య మూడో నెలలోనే గొడవ పెట్టింది. పొద్దుగూకాక మగపిల్లలు ఇంట్లోకి రావడమేమిటని. అమ్మ గుమ్మం దగ్గర అరుగు మీద చాపలు పరిచి అక్కడే వడ్డించేది, వీధంతా చూస్తుండగా. ఇరవయ్యేళ్ళు ఆ అరుగే మా భోజనాల హాలు. వానొస్తే తాటాకుల తడిక. ఇంట్లో చోటు లేక కాదు, అనుమానానికి చోటివ్వకూడదని. ఇప్పుడు హోటళ్ళలో కిటికీ పక్క బల్ల కోసం ముందే ఫోన్ చేసి చెప్పుకుంటున్నారు. ఆ అరుగు చూసి పెరిగినదాన్ని, నాకు ఆ కిటికీ బల్లల మీద ఎంతకీ కూర్చోబుద్ధి కాదు.

మొదట్లో అమ్మ వండింది మా ఊరి తిండే. జొన్న రొట్టె, పచ్చిపులుసు, చల్లచారు, పప్పులో చింతచిగురు, ఆదివారం కోడికూర. రెండేళ్ళలో పాతికమందయ్యారు. కోస్తా నుంచి వచ్చి ఉద్యోగాల్లో చేరిన బ్రహ్మచారులు కూడా రాసాగారు. కాచని పులుసుని చూసి వాళ్ళు నవ్వారు. "ఇదేంటండీ, చింతపండు నీళ్ళా?" అన్నాడొకాయన. అమ్మ ఏమీ అనలేదు. పక్కవీధిలో గుంటూరు నుంచి వచ్చిన ఒకామె దగ్గర సాంబారు, ముద్దపప్పు, గోంగూర పచ్చడి నేర్చుకుంది. నెల తిరిగేసరికి పచ్చిపులుసు మెస్సులోంచి మాయమైంది. రాత్రి అందరూ వెళ్ళాక మా ముగ్గురికి మాత్రం చేసేది, ఏదో తప్పు చేస్తున్నట్టు.

ఇది మా ఇంట్లో జరిగిన చిన్న విషయమే. కానీ ఈ నగరంలో తిండి మీద జరిగిన పెద్ద కొట్లాటలో ఇదొక ముక్క. 1948 పోలీసు చర్య తరవాత మద్రాసు వైపు నుంచి ఉద్యోగులు హైదరాబాదుకి వచ్చారు. వాళ్ళ వెంట హోటళ్ళూ వచ్చాయి. 1952లో ముల్కీ ఉద్యమం లేచినప్పుడు 'నాన్ ముల్కీ గో బ్యాక్'తో పాటు 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని కూడా విద్యార్థులు నినదించారు. ఆ సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఇడ్లీ మీద కోపం ఇడ్లీ మీది కోపం కాదని వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం ఎవరిది, భాష ఎవరిది, ఎవరి మాట మాటగా చెల్లుతుంది అన్న కోపమది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 'ఆంధ్రా మీల్స్' బోర్డులు నగరమంతా వచ్చాయి. 'తెలంగాణ భోజనం' అన్న బోర్డు నా చిన్నతనంలో ఎక్కడా చూసిన గుర్తు లేదు. 2014లో రాష్ట్రం వచ్చాక సర్వపిండీ, సకినాలూ, మలీదా గౌరవంగా బల్ల మీదికి వచ్చాయి. అది నాకు సంతోషమే. ఆ రోజు హోటల్లో పచ్చిపులుసుని చిన్న గాజుగ్లాసులో పోసి తెచ్చినప్పుడు నా కళ్ళు చెమర్చాయి కూడా. దాని కోసం అమ్మ పడ్డ సిగ్గుకి ఎవరో క్షమాపణ చెప్పినట్టయింది.

కానీ ఎవరికి చెప్పారు? అమ్మకా, అమ్మమ్మ అన్న బొమ్మకా?

*

హైదరాబాదు భోజనం అనగానే అందరూ నవాబుల దగ్గరికి వెళతారు. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి కట్టించిన ఫలక్‌నుమాలో నూటొక్కమంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. 2010లో ఆ ప్యాలెస్ హోటల్‌గా తెరిచారు. డబ్బు పెట్టగలిగినవాళ్ళు ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు. అదే 2010లో హైదరాబాదీ హలీంకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో మాంసం వంటకానికి అలాంటి గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. 2019లో యునెస్కో హైదరాబాదుని ఆహార సంస్కృతికి సృజనాత్మక నగరంగా ఎంపిక చేసింది. ఇవన్నీ గర్వపడాల్సినవే.

గర్వపడుతూనే ఒక్కసారి లోపలికి తొంగి చూద్దాం. పెళ్ళి దావతుల్లో డేగిశాల ముందు నిలబడేది మగ బావర్చీ. హలీం బట్టీ దగ్గర పెద్ద కర్రలతో కొట్టేది మగవాళ్ళు. వాళ్ళది ఒళ్ళు హూనమయ్యే పని, కాదనను. కానీ రోజువారీ ఖట్టీదాల్, టమాటే కట్, బగారా బైంగన్ చేసి ఆ రుచిని నిలబెట్టింది జనానాలోని ఆడవాళ్ళూ, వాళ్ళ దగ్గర పనిచేసిన 'మామా'లూను. ఆ వంటలు పుస్తకాలకెక్కడానికి కూడా ఆడవాళ్ళే పూనుకున్నారు. ప్రతిభా కరణ్ 1998లో హైదరాబాదీ వంటల మీద పుస్తకం తెచ్చారు. ఆ మరుసటి ఏడు బిల్కీస్ లతీఫ్ ఆంధ్ర, హైదరాబాదు వంటలు కలిపి రాశారు. తెలుగులో అంతకు ఎంతో ముందే మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' కొత్తకాపురాలకి పెద్దబాలశిక్ష అయింది. అవి సాహిత్యం కావని మనమే పక్కన పెట్టాం.

మన భాషని చూడండి. వంట బాగుంటే 'నలభీమపాకం' అంటాం. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. రాజ్యం పోయి, వేషం మార్చుకుని, కొన్నాళ్ళు వంటచేసినవాళ్ళు. జీవితమంతా వండిన ఆడదాని పేరుతో తెలుగులో ఒక్క పాకమూ లేదు. ఆడదానికి మనం ఇచ్చిన బిరుదు 'అన్నపూర్ణ'. నైపుణ్యానికి కాదు, పెట్టే గుణానికి. గోదావరి లంకల్లో వచ్చేపోయేవాళ్ళకి జీవితాంతం అన్నం పెట్టిన డొక్కా సీతమ్మని (1841-1909) అన్నపూర్ణ అనే తలుచుకుంటాం. ఆమె దానగుణం ముందు తలవంచుతాను. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. వేళకాని వేళ వచ్చిన వందలమందికి సరిపడా వండించడం, బియ్యం లెక్క చూసుకోవడం, కట్టెలు నిలవ చేయించడం ఎంత పెద్ద నిర్వహణ! మగవాడు చేస్తే దాన్ని వ్యాపార దక్షత అనేవాళ్ళం.

ఇంకో సంగతి. హోటల్ అనేది చాలాకాలం ఆడది అడుగుపెట్టే చోటు కాదు. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ మీద గంటలు గడిపి రాజకీయాలు, కవిత్వం మాట్లాడుకున్న తరాల గురించి ఎన్నో జ్ఞాపకాలు వచ్చాయి. అన్నీ మగవాళ్ళవే. మాకు 'ఫ్యామిలీ రూమ్' ఉండేది. ప్లైవుడ్ గోడలు, నూనె మరకల పరదా, ఊపిరాడని గది. నేను ఎమ్మేలో ఉండగా స్నేహితురాలితో కలిసి ఒకసారి బయటి బల్ల దగ్గరే కూర్చున్నాను. సర్వరు వచ్చి "ఫ్యామిలీ అందర్ హై" అన్నాడు. మేమిద్దరం ఫ్యామిలీ కాదన్నాను. చాయ్ వచ్చింది గానీ, తాగుతున్నంతసేపూ హోటలంతా మమ్మల్నే చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకి గొప్పగా చెప్పాను. "నువ్వు హోటల్ల కూసుంటే విప్లవం. నేను ఇరవై మందికి వండితే?" అంది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను.

*

ఇక అవ్వ సంగతి.

మెస్సుకి పాతికమందయ్యాక అమ్మ ఒక్కతే చేయలేకపోయింది. అడిక్‌మెట్ వైపు బస్తీ నుంచి ఒక ముసలామె రాసాగింది. బియ్యం చెరగడం, జొన్నలు విసరడం, కారం దంచడం, గిన్నెలు తోమడం ఆమె పని. మాదిగామె. మేం 'అవ్వా' అని పిలిచేవాళ్ళం. ఆమె పేరు మా ఇంట్లో ఎవరి నోటా పలకగా నేను వినలేదు. వెనక గోడ మీద ఆమెకొక సత్తు పళ్ళెం, సత్తు గ్లాసు బోర్లించి ఉండేవి. ఆమె దంచిన కారం మేం తిన్నాం, ఆమె విసిరిన పిండితో రొట్టెలు తిన్నాం. ఆమె పళ్ళెం మాత్రం ఇంట్లోకి రాలేదు. ఊళ్ళల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి నేను తరవాత ఎన్నో సభల్లో మాట్లాడాను. మా వెనక గోడ గురించి మాట్లాడలేదు.

రాజ్యాంగం 1950లోనే 15వ అధికరణంలో దుకాణాల్లో, హోటళ్ళలో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాసింది. అయినా 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక కేఫ్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీయించడానికి పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేయాల్సి వచ్చింది. చట్టం హోటల్ గుమ్మం దాకా వెళ్ళింది. మా ఇంటి పెరటి గోడ దాకా ఏ చట్టమూ రాలేదు. మేమే వెళ్ళి ఆ పళ్ళెం తేవాల్సింది. తేలేదు.

ఒకరోజు అవ్వ తనింటి నుంచి మట్టి దాకలో కూర తెచ్చుకుంది. పుంటికూరలో ఎండు రొయ్యలు. వాసనకి అమ్మ పెరట్లోకి వెళ్ళింది. ఎట్ల చేసినవని అడిగింది. అవ్వ చెప్పింది. రొయ్యలు ముందు ఉత్త పెంకు మీద వేయించి, తలలూ తోకలూ నలిపి చెరిగేసి, ఆకు పులుపు చూసుకుని చివర్లో కలపాలి, వెల్లుల్లి దండిగా పడాలి. అమ్మ నేర్చుకుంది. తినడానికి కాదు, అమ్మడానికి. ఆదివారాలు ఆ కూర కోసం పిల్లలు ఎగబడేవాళ్ళు. 'చిన్నమ్మ రొయ్యలకూర' అని పేరు పడింది. గుంటూరామె నేర్పిన సాంబారుకి అమ్మ ఆమెకి చీర పెట్టింది. అవ్వకి అప్పుడేమిచ్చావని చాలా ఏళ్ళ తరవాత అడిగాను. "ఆ కూరే ఇంత పెట్టిన, సత్తు పళ్ళెంల" అంది అమ్మ. అని చాలాసేపు మాట్లాడలేదు.

అందుకే ఆ రోజు జూబ్లీహిల్స్ హోటల్లో 'మన అమ్మమ్మల వంటిల్లు' అన్న మాట నాకు గొంతులో అడ్డుపడింది. ఎవరి అమ్మమ్మ? ఆ కార్డులో 'మన' అన్న మాటలో అవ్వ లేదు. ఆ హోటళ్ళ 'ప్రాంతీయ సంప్రదాయం'లో తలకాయ కూరకి, బోటీకి ఈమధ్య చోటు దొరికింది. పేదల కల్యాణి బిర్యానీకి, పెద్దకూరకి దొరకలేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే ఎంత గొడవైందో చూశాం. ప్రాంతం వంట అంటే ఏమిటో తేల్చేటప్పుడు ఎవరి పొయ్యిలు లెక్కకొస్తాయి, ఎవరివి రావు అన్నది రుచికి సంబంధించిన విషయం కానే కాదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివేదాకా, స్త్రీవాదినని చెప్పుకునే నేను ఆ సత్తు పళ్ళాన్ని పళ్ళెంగానే చూశాను.

*

చిరుధాన్యాల సంగతి కూడా చెప్పాలి. ఆ హోటల్లో కొర్రల కిచిడీ ఉంది, జొన్న గటకని గిన్నెలో అందంగా పోసి పెట్టారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఒకప్పుడు పేదవాడి తిండి అన్నది ఇప్పుడు డాక్టరు రాసే తిండి అయింది. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చినప్పుడు మా ఊళ్ళో జొన్నలు వెనకబడ్డాయి. దాన్ని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను. కానీ అప్పుడు మా మేనత్త అన్నమాట నాకు గుర్తుంది. "తెల్లన్నం రుచని కాదే, దంచుడు తప్పింది" అంది. కొర్రలూ సామలూ పొట్టుపోయేదాకా దంచాలంటే తెల్లవారుజామున లేవాలి. జొన్నలు విసరాలంటే రెట్టలు పడిపోవాలి. సంప్రదాయం పోయిందని బాధపడే మగవాళ్ళెవరూ రోకలి పట్టినవాళ్ళు కాదు. ఈరోజు హోటల్‌కి కొర్రలు మరలో పొట్టుతీసి వస్తాయి కాబట్టి సంప్రదాయం అంత తేలిగ్గా ఉంది.

అయితే ఆ విత్తనాలు పోకుండా నిలబెట్టిందీ ఆడవాళ్ళే. జహీరాబాద్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఎవరూ అడగని రోజుల్లో బూడిద కలిపి, వేపాకు కలిపి, బుట్టల్లో విత్తనం దాచారు. 2008లో తమ రేడియో తామే పెట్టుకున్నారు. 2019లో వాళ్ళకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. హైదరాబాదు ఆహార నగరం అయిన ఏడే అది. రెండు వార్తలూ చదివాను. రెండిటినీ కలిపి మాట్లాడినవాళ్ళు నాకు కనపడలేదు.

*

అమ్మ 2021లో పోయింది. ఆమె పెట్టెలో మెస్సు లెక్కల పుస్తకాలు పదకొండు దొరికాయి. ఎవరు ఎంత బాకీ, బియ్యం ఎన్ని శేర్లు, కట్టెలకెంత. పదకొండు పుస్తకాల్లో ఒక్క వంట రాసి లేదు. అవి రాసుకోవాల్సినవని ఆమెకీ అనిపించలేదు, రాసి పెడదామని నాకూ అనిపించలేదు. విమల 'వంటిల్లు' చదివి ఊగిపోయిన తరం మాది. వంట నేర్చుకోకపోవడం నా స్త్రీవాదంలో మొదటి మెట్టు. ఆ మెట్టెక్కినందుకు విచారం లేదు. కానీ వంటింటి నుంచి బయటికి వచ్చే తొందరలో, లోపల మిగిలిపోయిన మనిషికి ఏం తెలుసో కూడా అడగకుండా వచ్చేశాను. చాకిరిని తోసెయ్యాలి, అందులోని విద్యని కాదు. ఈ తేడా తెలిసేసరికి అడగాల్సిన మనిషి లేదు.

లెక్కల పుస్తకాల్లో 'అవ్వ-15' అని నెలనెలా ఉంది. అక్కడా పేరు లేదు. ఆ బస్తీకి వెళ్ళాను. నాలుగుసార్లు తిరిగాక ఆమె మనవరాలు దొరికింది. నలభై దాటిన మనిషి. దగ్గర్లోని సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. 2001లో సుప్రీంకోర్టు బడిపిల్లలకి వండిన అన్నమే పెట్టాలంది. మన రాష్ట్రంలో 2003లో ఆ పని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి అప్పజెప్పారు. వండేవాళ్ళకి కేంద్రం 2009లో ఖాయం చేసింది నెలకి 1000 రూపాయలు, అదీ పది నెలలకే. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. రాష్ట్రాలు తమ వంతు కలిపి కొంత పెంచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆమె పేరు దానికి తగిందే. వండే చేతులకి మాత్రం ఇప్పటికీ 'వంటమనిషి, సహాయకురాలు' అన్నదే పేరు.

నేను వెళ్ళేసరికి బడి వెనక రేకుల కింద ఆమె పెద్ద గిన్నెలో పప్పు కలుపుతోంది. నూటనలభై మంది పిల్లలకి. రుచి చూడమని చేతిలో వేసింది. చింతచిగురు వేసిన పప్పు. చెట్టు బడి ఆవరణలోనే ఉందట. కోసి వేస్తే కూరగాయల ఖర్చు తగ్గుతుందట. సర్వపిండి నాలుగు ముక్కలకి మేం కట్టిన డబ్బు నాకు గుర్తొచ్చింది. సిగ్గేసింది.

మా మెస్సు గురించి, రొయ్యలకూర గురించి, సత్తు పళ్ళెం గురించి అంతా చెప్పాను. ఆమె గరిటె ఆపకుండా వింది. పళ్ళెం సంగతి ఆమెకి తెలుసు. వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. ఆ పేరు నాకు చెప్పింది. నేను పత్రికలో రాస్తున్నానని, ఆ కూర ఎవరిదో పేరు పెట్టి రాస్తానని అన్నాను.

ఆమె పొయ్యిలో కట్టె ముందుకి తోసి నావైపు చూసింది. "మా నాయినమ్మ పేరు తర్వాత రాద్దువు మేడమ్. అది ఏడికి పోదు. మేం అప్పు తెచ్చి సామాను తెస్తున్నం. బిల్లులు నెలల కొద్ది వస్తలేవు. రాస్తే ముందుగాల అది రాయి" అంది.

ఆమె చెప్పిన వరసలోనే రాస్తున్నాను. ముందు బిల్లులు. పేరు నా దగ్గర, అమ్మ లెక్కల పుస్తకంలో 'అవ్వ-15' అన్నచోట పక్కనే రాసి ఉంది. మనవరాలు సరేనన్న రోజు ఈ పేజీల్లోనే రాస్తాను.